కత్తెర, మసి, చుక్క: తెర మీది చిత్రశాల

ప్రసిద్ధ చిత్రకారుల కృతులను ఆధారం చేసుకొని పిల్లల చేత బొమ్మలు వేయించే ఆన్‌లైన్ కార్యశాలలు, 2020 మార్చిలో కోవిడ్ కారణంగా బడులు మూతపడిన తరువాత తెలుగు ఇళ్ళలోకి కూడా విరివిగా వచ్చి, బడులు తిరిగి తెరిచాక సైతం సెలవు రోజుల అలవాటుగా నిలిచిపోయాయి. ఆదివారం ఉదయం హైదరాబాదులో బల్ల ముందు కూర్చున్న పిల్లవాడూ, సరిగ్గా అదే సమయానికి అమెరికాలో శనివారం రాత్రి భోజనం ముగించి వచ్చిన పిల్లా ఒకే చిత్రాన్ని చూస్తూ ఒకే గురువు మాట వినగలగడం ఈ ఏర్పాటు వల్ల సాధ్యమైంది. తరగతులు కొత్తవే అయినా వాటికి మూలమైన ప్రశ్న మాత్రం పాతది: పెద్ద చిత్రకారుల పనిని పిల్లలకు చూపించవచ్చా, చూపిస్తే ఆ తరువాత వాళ్ళను ఏం చేయమనాలి?

ఈ ప్రశ్నకు రెండు విరుద్ధమైన సమాధానాలు ఉన్నాయి. 1897లో వియన్నా నగరంలో బాలల చిత్రకళా తరగతిని ప్రారంభించిన ఫ్రాంజ్ చిజెక్, పిల్లల బొమ్మ పెద్దల బొమ్మకు అసంపూర్ణమైన తొలిరూపం కాదనీ, దానికంటూ ఒక ధర్మం ఉందనీ నమ్మి, పెద్దల కళాప్రభావం పిల్లల మీద పడకుండా కాపాడడమే ఉపాధ్యాయుడి పని అని భావించాడు. ఆ తరగతిలో తయారైన బొమ్మలన్నిటిలో ఒకే పోలిక కనిపిస్తున్నదని విమర్శకులు తరువాత ఎత్తిచూపినా, బాలల కళ అనే భావనకు ప్రపంచంలో గౌరవం దక్కడానికి ఆయన కృషి ముఖ్య కారణం. తెలంగాణలో పటాలు వేసే చెరియాల నకాశీ కుటుంబాల్లోనూ, శ్రీకాళహస్తి కలంకారీ పనివారి దగ్గరా నడిచిన పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ పిల్లవాడు పెద్దల గీతను చూసి చూసి, వేసి వేసి, కొన్నేళ్ళకు గాని తన చేతిని నమ్ముకోలేడు, అనుకరణే అక్కడ అభ్యాసం. మొదటి మార్గానికి స్వేచ్ఛ ప్రాణం, రెండవదానికి కాలం ప్రాణం. వారానికి ఒక్క గంట మాత్రమే చేతిలో ఉండే ఆన్‌లైన్ తరగతికి వంశపారంపర్య శిక్షణ ఇచ్చే కాలం లేదు. ప్రతి క్షణం ఏదో ఒక తెరను చూస్తూ పెరిగే నేటి పిల్లలను పెద్దల బొమ్మలకు దూరంగా ఉంచడమూ జరిగే పని కాదు.

కనుక మూడవ మార్గం ఒకటి అవసరమవుతుంది. చిత్రకారుడు వేసిన బొమ్మను కాక, అతడు పనిచేసిన విధానాన్ని, ముఖ్యంగా అతడు తనకు తాను విధించుకున్న హద్దును పిల్లల ముందు పెట్టడమే ఆ మార్గం. పెన్సిలు వాడకూడదనో, ఏడు రంగులకు మించకూడదనో, గీతలు లేకుండా చుక్కలతోనే పూర్తిచేయాలనో ఒక నియమం ఏర్పడినప్పుడు, పిల్లల ఊహ ఆ నియమం లోపల తన దారి వెతుక్కుంటుంది. నియమం అందరికీ ఒకటే అయినా వచ్చే బొమ్మ ఎవరిది వారిదే అవుతుంది. ప్రసిద్ధుల పేరుతో నడిచే కార్యశాలల్లో మంచివాటిని తక్కినవాటి నుంచి వేరుచేసేది ఈ ఒక్క అంశమే.

దీనికి అన్నిటికంటె అనువైన ఉదాహరణ ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రీ మతీస్ చివరి దశలో చేసిన కాగితపు కత్తిరింపులు. 1869లో పుట్టిన మతీస్ 1941లో క్యాన్సరుకు పెద్ద శస్త్రచికిత్స జరిగాక ఎక్కువ కాలం మంచం మీదా చక్రాల కుర్చీలోనూ గడపవలసి వచ్చి, క్రమంగా కుంచెను తగ్గించి కత్తెరను ప్రధాన సాధనంగా చేసుకున్నాడు. ఆయన సహాయకులు తెల్ల కాగితాలకు ముందుగా గ్వాష్ పూసి ఆరబెట్టేవారు. గ్వాష్ అంటే నీటితో కలుపుకొనే రంగే గాని, అడుగు కాగితం కనిపించనంత దట్టంగా పరుచుకునేది, మన బడిపిల్లలు వాడే పోస్టర్ కలరు ఆ జాతిదే. ఆ రంగు కాగితాన్ని మతీస్ కత్తిరించి ఇచ్చిన ముక్కలను సహాయకులు గోడకు సూదులతో గుచ్చేవారు, ఆయన చూస్తూ చెప్పినట్లు అటూ ఇటూ జరిపేవారు, అంతా కుదిరిందనుకున్న తరువాతే అతికించేవారు. సాధారణ చిత్రలేఖనంలో ముందు గీత వచ్చి, ఆ గీత లోపల రంగు నిండుతుంది. ఇక్కడ కత్తెర నడిచిన దారే గీత, చేతిలో ఉన్న కాగితమే రంగు, రెండూ ఒకే కదలికలో పుడతాయి. 1947లో వెలువడిన ‘జాజ్’ గ్రంథంలోని ఇరవై చిత్రఫలకాలూ, 1952 నాటి నీలి స్త్రీమూర్తులూ, 1953లో చేసిన ‘నత్త’ అనే బృహత్కృతీ ఈ పద్ధతిలో వచ్చినవే.

ఈ విధానాన్ని పిల్లలకు అందించేటప్పుడు దాని వరుసను చెడగొట్టకుండా ఉండడం చాలా ముఖ్యం. దుకాణంలో దొరికే రంగు కాగితాలతో మొదలుపెడితే పని సులువవుతుంది గాని, తన రంగును తాను కలుపుకొని, కుంచె జాడలు కాగితం మీద మిగిలేలా పూసి, ఆరేదాకా ఆగడంలో ఉన్న అనుభవం పిల్లలకు దక్కదు. అందుచేత మొదటి వారం కేవలం కాగితాలకు రంగు పూయడానికే కేటాయించి, కత్తిరింపును రెండవ వారానికి వాయిదా వేయడం మంచిది. కత్తిరించేటప్పుడు పెన్సిలు గీత ఉండకూడదు. కత్తెర పట్టిన చేతిని దాదాపు కదలకుండా ఉంచి, రెండవ చేత్తో కాగితాన్ని తిప్పుతూ పోతే వంపులు విరగకుండా వస్తాయన్న కిటుకు ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఒక్కసారి చూపిస్తే చాలు. ఆకును కత్తిరించినప్పుడు ఆకుతోపాటు ఆకు ఆకారంలో ఖాళీ ఉన్న మరో ముక్క కూడా మిగులుతుందనీ, ఆ ఖాళీ కూడా ఒక రూపమేననీ పిల్లలు తమంతట తాము గమనించేదాకా ఉపాధ్యాయుడు మాట్లాడకుండా ఉండగలగాలి. జిగురు అన్నిటికంటె చివర రావాలి. మతీస్ గోడకు సూదులతో చేయించిన పనిని ఆన్‌లైన్ తరగతిలో ఫోను కెమెరా మరో విధంగా చేయగలదు: పిల్లలు ముక్కలను ఒక పద్ధతిలో అమర్చి ఫొటో తీసి, చెరిపి, వేరుగా అమర్చి మళ్ళీ తీసి, నాలుగైదు అమరికలను పక్కపక్కన పెట్టి చూసుకొని అప్పుడు ఒకదానిని ఎంచుకోవచ్చు. చిత్రరచన అంటే ఎంపిక అన్న సంగతి ఇంత స్పష్టంగా బోధపడే పాఠం మరొకటి లేదు.

తనకు తాను హద్దు విధించుకొనే పనిని మతీస్ కత్తెరతో చేస్తే, జామినీ రాయ్ వేరే దిక్కు నుంచి చేశాడు. 1887లో బెంగాల్‌లోని బాంకురా జిల్లా బేలియాతోడ్ గ్రామంలో పుట్టి, కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో ఐరోపా పద్ధతిలో శిక్షణ పొంది, వ్యక్తిచిత్రాలు వేసి పేరు తెచ్చుకున్న ఈ చిత్రకారుడు, 1920ల నుంచి ఆ మార్గాన్ని వదిలి కాళీఘాట్ పటాల వైపూ, బెంగాలీ పల్లె పటువాల బొమ్మల వైపూ మళ్ళాడు. కాళీఘాట్ పటాలంటే పంతొమ్మిదవ శతాబ్దంలో కలకత్తా కాళీ ఆలయ పరిసరాల్లో యాత్రికులకు అమ్మడానికి కుంచె ఆపకుండా చకచకా వేసిన బొమ్మలు. పటువాలు పటాన్ని చూపుతూ పాట పాడి కథ చెప్పే చిత్రకారులు. వారి దగ్గర నేర్చుకున్న సంక్షిప్తతతో జామినీ రాయ్ వెలుగునీడలనూ దూరభ్రమనూ వదిలివేసి, బలమైన బయటి గీత, చదునైన రంగు, చేప ఆకారపు కన్ను అనే మూడింటి మీద తన లోకాన్ని నిర్మించుకున్నాడు. రంగులను ఏడింటికి పరిమితం చేసుకున్నాడు, కొన్న నూనె రంగులకు బదులు దీపపు మసి, సుద్ద, మట్టి వంటివి వాడి, వాటిని చింతగింజల జిగురుతో కలుపుకొన్నాడు, గుడ్డ మీదా చెక్క మీదా అల్లిన చాపల మీదా బొమ్మలు వేశాడు. 1954లో పద్మభూషణ్ పొందిన ఆయన 1972లో మరణించాక, ఆయన కృతులను ప్రభుత్వం జాతీయ కళాసంపదగా ప్రకటించింది.

తెలుగు పిల్లలకు ఈ పాఠం మరింత దగ్గరగా ఉండడానికి కారణం, ఇందులో వాడిన ద్రవ్యాలన్నీ వాళ్ళ వంటింట్లోనూ వాకిట్లోనూ ఉండడమే. చెరియాల పటం వేసే నకాశీలు కూడా ఖద్దరు గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల పిండితో తయారుచేసిన జిగురు పట్టించి గట్టిపరిచిన తరువాతే దాని మీద ఎర్రటి నేపథ్యాన్ని పరుస్తారు. అంటే బాంకురా పల్లెకూ తెలంగాణ పల్లెకూ మధ్య వందల మైళ్ళ దూరం ఉన్నా రెండు చోట్లా రంగును పట్టి ఉంచింది ఆ చింతగింజే. వేయించి పొట్టు తీసిన చింతగింజలను నానబెట్టి, రుబ్బి, నీళ్ళలో ఉడికించి పలచని జిగురు తీయడం పెద్దల సాయంతో ముందురోజే జరగవలసిన పని. మట్టిప్రమిదలో నూనె దీపం వెలిగించి, దాని మీద బోర్లించిన పళ్ళెం అడుగున పేరుకున్న మసిని ఆ జిగురుతో కలిపితే కొన్న ఇండియన్ ఇంకు ఇవ్వని మెత్తటి నలుపు వస్తుంది. గడపకు పూసే జాజు ఎరుపునూ, పసుపుకొమ్ము పసుపునూ ఇస్తాయి. పసుపు వెలుగుకు త్వరగా వెలిసిపోతుందన్న సంగతిని కూడా పిల్లలకు దాచకుండా చెప్పి, ఒక కాగితాన్ని కిటికీ దగ్గరా మరొకదాన్ని పుస్తకంలోనూ ఉంచి కొన్ని వారాల తరువాత పోల్చమనడం మంచి పద్ధతి. ఆ తరువాత వాళ్ళు వేయవలసింది జామినీ రాయ్ బొమ్మల్లోని గోపికను కాదు. ఇంట్లో ఉన్న అమ్మమ్మనో, పెరట్లో పిల్లినో, ఎత్తని కుంచెతో వీలైనన్ని తక్కువ గీతల్లో వేయాలి.

ఇలాంటి శ్రమకు ఇష్టపడని తరగతులు సాధారణంగా ఎంచుకునేది వాన్ గో ‘నక్షత్రాల రాత్రి’ని. తెర మీద ఉపాధ్యాయుడు ఒక సుడి వేస్తే పిల్లలందరూ ఆ సుడి వేసి, ఆయన చంద్రుణ్ణి పెట్టిన మూలనే చంద్రుణ్ణి పెట్టి, గంట ముగిసేసరికి ముప్ఫై ఇళ్ళలో ముప్ఫై ఒకే రకం బొమ్మలు తయారవుతాయి, తల్లిదండ్రులు సంతోషిస్తారు. ఈ సంతోషాన్ని తప్పుపట్టనవసరం లేదు గాని, దానిని వాన్ గో పాఠమని పిలవడం సరికాదు. 1889 జూన్‌లో సేంట్-రేమీ చికిత్సాలయంలో ఉండగా వాన్ గో తన కిటికీ నుంచి చూసిన ఆకాశాన్ని పగటిపూట జ్ఞాపకం నుంచి చిత్రించాడు, కిటికీలోంచి ఆ రూపంలో కనిపించని ఊరిని ఊహించి చేర్చాడు. అందులో నేర్చుకోదగినది చూసినదాన్ని గుర్తుంచుకొని మార్చుకొనే ధైర్యమూ, ప్రతి కుంచె గుర్తుకూ ఒక దిశ ఉండడమూ, రంగు మందంగా గట్టుకట్టి నిలవడమూ. పిల్లలు ముందురోజు రాత్రి తమ డాబా మీద నిలబడి చూసిన ఆకాశాన్ని మరునాడు జ్ఞాపకం నుంచి వేస్తే, పోస్టర్ కలరులో కొద్దిగా మైదా జిగురు కలిపి ఆ మందాన్ని వేళ్ళతో తాకి తెలుసుకుంటే, పాఠం అసలైన చిత్రకారుడి దగ్గరికి చేరుతుంది. నకాశీ ఇంటి అనుకరణతో దీనిని పోల్చి సమర్థించడమూ కుదరదు, ఎందుకంటే అక్కడ వందసార్లు వేసిన ఒక్క కన్ను చేతిలోకి ఇంకుతుంది. ఇక్కడ ఒక్కసారి వేసిన మొత్తం బొమ్మ ఫోనులోకి చేరి ఆగిపోతుంది.

తెరకే ప్రత్యేకమైన పాఠం ఒకటి ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ స్యూరా దగ్గర ఉంది. 1884, 1886 సంవత్సరాల మధ్య ఆయన చిత్రించిన, ఇప్పుడు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ‘గ్రాండ్ జాట్’ చిత్రం, రంగులను పళ్ళెంలో కలపకుండా చిన్న చిన్న చుక్కలుగా పక్కపక్కన ఉంచితే దూరం నుంచి చూసే కంటిలో అవే కలుస్తాయన్న ఆలోచనతో తయారైంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాని రూపాన్ని మరొకటి మారుస్తాయని వస్త్రాల అద్దకాన్ని పరిశీలించిన రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ అంతకుముందే చూపించాడు. పిల్లలు వేలికొనతో చిన్న నీటిచుక్కను ఫోను తెర మీద తెల్లగా ఉన్న చోట ఉంచితే, ఆ చుక్క భూతద్దమై తెలుపు వెనక దాగిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం మచ్చలను బయటపెడుతుంది; తాము స్యూరా చిత్రాన్ని చూస్తున్న సాధనం కూడా చుక్కలతోనే బొమ్మ కడుతున్నదని అప్పుడు తెలుస్తుంది. రెండింటికీ ఉన్న తేడాను వివరించడం కూడా అంతే అవసరం. తెర మీద ఎరుపు వెలుగూ ఆకుపచ్చ వెలుగూ కలిస్తే పసుపు పుడుతుంది, కాగితం మీద ఎరుపు చుక్కలూ ఆకుపచ్చ చుక్కలూ దూరానికి మట్టిరంగుగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఒకచోట కాంతి కాంతికి తోడవుతున్నది, మరొకచోట రంగు కాంతిలో కొంత భాగాన్ని మింగివేస్తున్నది. పదేళ్ళు దాటిన పిల్లలు ఈ విషయాన్ని చాలా ఇష్టంగా పట్టుకుంటారు.

తెర చెప్పే అబద్ధం కూడా ఒకటుంది, అది పరిమాణానికి సంబంధించినది. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1913లో చేసిన, చతురస్రాల్లో వలయాలున్న వర్ణాభ్యాసం సుమారు 24 సెంటీమీటర్ల ఎత్తు, 31 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే ఉన్న చిన్న కాగితం. మతీస్ ‘నత్త’ ఒక్కొక్క వైపు సుమారు తొమ్మిదిన్నర అడుగులున్న చతురస్రం. ఫోనులో రెండూ అరచేతి పరిమాణంలోనే కనిపిస్తాయి. అందువల్ల చిత్రాన్ని చూపగానే దాని కొలతలు చెప్పి, పిల్లల చేత పాత దినపత్రికలను నేల మీద అంత మేర పరిపించి, దాని అంచు వెంబడి నడిపించడం ప్రతి కార్యశాలలోనూ ఉండవలసిన పని. అపార్ట్‌మెంటు గదిలో ‘నత్త’ పట్టకపోతే, పట్టలేదన్న అనుభవమే పాఠం.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు సమాధానం పిల్లల వయస్సులో ఉంది. బాలల చిత్రకళ గురించి 1947లో ప్రామాణిక గ్రంథం రాసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్, పిల్లల బొమ్మలు రెండేళ్ళ నాటి గిలుకుడు గీతల నుంచి దశలు దశలుగా ఎదుగుతాయనీ, సుమారు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి బొమ్మ నిజం వస్తువులా ఉండాలన్న కోరిక మొదలవుతుందనీ వివరించాడు. అప్పటిదాకా ఏ జంకూ లేకుండా గోడలన్నీ నింపిన పిల్లలు, తమ బొమ్మ ఫొటోలా లేదని గుర్తించి, నాకు బొమ్మలు రావని చెప్పి మానివేసేది ఎక్కువగా ఈ వయస్సులోనే. వ్యక్తిచిత్రాన్ని అచ్చు మనిషిలా వేయగలిగిన జామినీ రాయ్ దానిని వద్దనుకొని ఏడు రంగులూ ఒక గీతా చాలనుకున్నాడని తెలిసిన పిల్లకు, ఫొటోలా ఉండడం అనేక దారుల్లో ఒకటి మాత్రమేనని అర్థమవుతుంది. చిత్రకారుల జీవితచరిత్రలు ఈ తరగతుల్లో అలంకారం కోసం కాక ఇందుకోసం రావాలి.

నిర్వహణ విషయాలు తక్కువే అయినా ఫలితాన్ని నిర్ణయించేవి. ఉపాధ్యాయుడి ముఖం కంటె చేతులు కనిపించడం ముఖ్యం కనుక కెమెరా బల్ల పైనుంచి కిందికి చూస్తూ ఉండాలి, వెలుగు కుంచె పట్టిన చేతికి ఎదుటి వైపు నుంచి రావాలి, ముందు కెమెరా కుడిఎడమలను తారుమారు చేసి చూపవచ్చని పిల్లలకు తొలిరోజే చెప్పాలి. ఒక తరగతిలో పది పన్నెండు మందికి మించితే అందరి బొమ్మలనూ చూసి మాట్లాడడం సాధ్యపడదు. బాగుంది అన్న మాటకంటె, ఈ నీలాన్ని ఇక్కడ ఎందుకు పెట్టావమ్మా అన్న ప్రశ్న పిల్లలకు ఎక్కువ ఇస్తుంది. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు కత్తెరను అందించవచ్చు గాని గీతను సరిదిద్దకూడదు.

ఈ కార్యశాలల పట్టికల్లో ఐరోపా పేర్లే ఎక్కువగా కనిపించడం తెలుగు నిర్వాహకులు ఆలోచించవలసిన లోపం. 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాలను నెలకొల్పి, మరి రెండేళ్ళకే ఇరవై ఎనిమిదో ఏట కన్నుమూసిన దామెర్ల రామారావు నీటిరంగులు, సిద్దిపేటలో పల్లె పండుగలనూ పనిపాటలనూ చిత్రించిన కాపు రాజయ్య కూర్పులు, తెలంగాణ స్త్రీల నిండైన బొట్టునూ చీర రంగులనూ బొగ్గు గీతతో కలిపిన తోట వైకుంఠం పద్ధతి, అతి తక్కువ గీతలో మనిషి స్వభావాన్ని పట్టిన బాపు రేఖ, ఇవన్నీ పైన చెప్పిన నియమాల పాఠాలకు సరిగ్గా అమరేవే. పైగా రామారావు చిత్రాలను రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్ళి తెర అడ్డం లేకుండా చూసే అవకాశం తెలుగు పిల్లలకు ఉంది. చెరియాల వంటి సంప్రదాయాల విషయంలో ఆన్‌లైన్ తరగతికి మరొక మేలు కూడా దక్కుతుంది: మతీస్‌నూ స్యూరానూ ఏ పిల్లవాడూ ఇప్పుడు ప్రశ్నించలేడు గాని, కెమెరా ముందు పటం వేస్తున్న నకాశీ కళాకారుణ్ణి ఉడుత వెంట్రుకల కుంచె ఎలా కడతారనీ, ముందు ఎరుపు ఎందుకు పరుస్తారనీ, గీత తప్పితే ఏం చేస్తారనీ అడిగి, ఆయన నోటే సమాధానం వినవచ్చు.